రెండు ముంపుల నీలం

దసరాకు ముందు వారం పోలీసు పటేలు ఇంటినుంచి సుసన్నకు ఒక బట్టల మూట వచ్చింది. మోసుకొచ్చింది ఆమె పెనిమిటి అంజిలయ్యే. పటేలు ఇంట్లో వెట్టి చేసేవాడికి ఇంటికొచ్చేటప్పుడు కూడా నెత్తిమీద ఏదో ఒక బరువు ఉండడం కొత్తేమీ కాదు. మూటను గుమ్మంలో దించి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"దొరసాని ఇచ్చింది. దసరకు మిలిటరీ దొరలు బువ్వకు వస్తరట. మంచం మీదికి బొంత, నడిమింటి తల్పుకు తెర కావాల్నంట. నీకు తోచినట్టు కుట్టుమన్నది," అన్నాడు. మూట వైపు మాత్రం చూడలేదు.

సుసన్న అప్పుడు పక్కింటి మరియ మనుమరాలి ఉయ్యాలకు చిన్న బొంత కుడుతోంది. మెత్తబడిన పాత ధోవతిని నాలుగు మడతలు వేసి, దానిమీద నీలం నూలుతో వంకీలు తిప్పుతోంది. మొన్న చెరువు ఒడ్డున అలలు కొట్టి వెనక్కి పోయినచోట బురదమీద ఒకదాని లోపల ఒకటి గీతలు మిగిలి ఉండడం చూసింది. బిందె పక్కన పెట్టి కూర్చుని, ఆ గీతల వెంట వేలు తిప్పి తిప్పి చేతికి నేర్పుకుంది. ఆమె బొంతలన్నీ ఇట్లాంటివే. చాటలోంచి జారిన జొన్నల దారి ఒక బొంత, బెండకాయను అడ్డంగా కోస్తే కనిపించే పువ్వు ఒక బొంత. ఇవన్నీ ఎక్కడినుంచి తెస్తవే అని ఎవరైనా అడిగితే, "తెచ్చేదేముంది, కండ్ల ముంగటనే ఉంటయి," అనేది.

కుట్టు ఆపి మూట ముడి విప్పింది. ముందు పొగ వాసన కొట్టింది. దాని వెనక తడిసి ఆరిన బట్టల ముక్కిన వాసన. ఆ రెంటి అడుగున పుల్లగా, వగరుగా, కరక్కాయ ఉడికిన వాసన. ఆ వాసన ఇబ్రహీంపట్నం మొత్తంలో ఒక్క ఇంట్లోనే ఉండేది.

పసుపుపచ్చది, కుంకుమ రంగుది, చిలకపచ్చది, వంగపండు రంగుది. ఒక్కొక్కటి తీసి చాపమీద పరుస్తుంటే ఆమె చేయి తనంతట తానే పనిచేసింది. వంగపండు రంగు పక్కన పసుపు పెట్టింది. అది మరీ మండుతున్నట్టుందని మధ్యలో చిలకపచ్చ జరిపింది. కుదిరింది. కండ్లు చికిలించి చూసి, తలూపింది కూడా. అప్పుడే కిందినుంచి ఒక పాత గోధుమరంగు ఓణీ బయటికి వచ్చింది. దాని కొంగు ఒకచోట చిరిగితే సన్నగా కుట్టి ఉంది. ఆ కుట్టు తనదే.

ఓణీ రంగ్రేజు ఇమాం సాబు భార్య హుసేన్‌బీది. బట్టలకు రంగులద్దే ఇల్లు వాళ్ళది. మూడు వారాల కింద యూనియన్ మిలిటరీ పట్నం రోడ్డున వచ్చిన మర్నాడు, ఇమాం సాబును కొందరు చెరువు కట్టమీదికి తీసుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. రజాకార్లు ఊళ్ళమీద పడి తిరిగినన్ని రోజులూ కర్ర పట్టుకోలేదని తనవాళ్ళ చేతనే తిట్లు తిన్న మనిషి. అదే రజాకార్లకు పెరట్లో యాటపోతులు కోయించి పెట్టిన పటేలు మాత్రం, మిలిటరీ లారీల మోత వినపడగానే తెల్లటోపీ పెట్టుకుని పూలదండతో ఎదురు వెళ్ళాడు. హుసేన్‌బీ ఏమైందో ఎవరికీ తెలియదన్నారు.

సుసన్న లేచి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. బట్టల్ని ముట్టినందుకు కాదు. చాపమీద పసుపు పక్కన చిలకపచ్చ ఇంకా అట్లాగే, ఎంతో అందంగా కుదిరి ఉంది. పెట్టింది తానే.

*

తెల్లారి మూట నెత్తిన పెట్టుకుని పటేలు ఇంటికి పోయింది. వాకిట్లో గొడ్ల కుడితి తొట్టి దాకానే మాలవాడ వాళ్ళకు హద్దు. అక్కడే నిలబడింది. పటేలు భార్య రుక్మాబాయి అరుగుమీద ఉంది. నలభై ఏళ్ళ మనిషి, నిదానంగా మాట్లాడుతుంది, ఎవరిమీదా గొంతు లేపదు. సుసన్నను చూసి ఆమె మొహం నిజంగానే విచ్చుకుంది.

"వచ్చినవా? నీకే చూపియ్యాలె అనుకుంటున్న. జర ముంగటికి రా. గీ గోడ చూడు."

కొత్తగా ఎర్రమట్టి అలికిన గోడకు, అరుగు పొడుగునా, తెల్లటి మామిడిపిందెల వరస ఉంది. పిందె పిందెకూ మధ్య జాగా ఎక్కడా హెచ్చుతగ్గు లేదు. మూల తిరిగేచోట పిందె విరిగిపోకుండా చిన్న పువ్వుతో ముగించింది.

"రంగులద్దే అచ్చులతోని ఏసిన. సున్నంల ముంచి గోడకద్దిన. ఒకలు చెప్పింది కాదు, నాకే తోచింది," అంది రుక్మాబాయి. "గటు చూడు, గంగాళం."

రంగు కాచే రాగి గంగాళం. చింతపండుతో తోమితే ఎర్రగా మెరుస్తోంది. అంచుదాకా నీళ్ళు పోసి బంతిపూలు విడిచింది. ఉయ్యాల బల్ల కింద, కాళ్ళు ఆనేచోట, అంచు మాసిన నమాజు చాప పరిచి ఉంది. దాని ముదురాకుపచ్చ రంగు నల్లటి ఉయ్యాల బల్లకు ఎంత బాగా నప్పిందో సుసన్నకు ఒక్క చూపులోనే తెలిసింది. తెలిసినందుకు నోట్లో చేదు ఊరింది.

"నువ్వే గద అనేదానివి, పారేసేది ఏదీ ఉండదు దొరసానీ, చూసే కన్ను ఉండాలె అని. నీ మాటనే పట్టుకున్న," అంది రుక్మాబాయి.

సుసన్న ఏం చేస్తోందో తనకే తెలియకుండా గంగాళం అంచును చేత్తో ముట్టింది. హుసేన్‌బీ ఆ అంచుకు మోచేతులు ఆనించి, ఎండిన వంకాయ రంగును వంకాయ రంగు అనొచ్చా కూడదా అని తనతో పొద్దంతా వాదులాడేది.

"ముట్టినవ్," అంది రుక్మాబాయి, కోపం లేకుండా. లోపలికి తిరిగి, "పోశమ్మా, నీళ్ళు వొంపి గంగాళం మళ్ళ కడుగు. జర పసుపు వెయ్యి," అని పనిమనిషికి చెప్పింది.

పోశమ్మ వచ్చి బంతిపూలు తీసి నీళ్ళు వొంపేసింది. చంపబడిన మనిషి ఇంటినుంచి ఎత్తుకొచ్చిన గిన్నె, సుసన్న చేయి తగిలినందుకు మైలపడి, పసుపునీళ్ళతో శుద్ధి అవుతోంది. సుసన్న ఆ కడుగుడు చూస్తూ నిలబడింది. నీళ్ళు పారి ఆమె కాళ్ళదాకా వచ్చాయి. పక్కకు జరిగింది.

"ఇవి ఇమాం సాబు ఇంటియి, దొరసానీ."

"ఆ ఇంట్ల ఇప్పుడు ఎవలున్నరే? పడి ఉంటే చెదలు తింటయి."

"నేను కుట్టలేను. మూట పట్టుకొచ్చిన."

రుక్మాబాయి ఉయ్యాలమీద కూర్చుంది. పాదాలు నమాజు చాపమీద ఆనించి, కొంచెంసేపు మెల్లగా ఊగింది.

"నీ పెనిమిటి ఆ రోజు బండి తోలిండు. ఉత్త చేతులతోని ఇంటికి రాలేదు. నీ కాడున్న నీలం నూలు ఎక్కడిదో అడుగు," అంది. "అడిగినంక కుట్టబుద్ధి కాకుంటే చెప్పు. పటేలు వింటడు. సంఘపోళ్ళు ఎవలెవలున్నరో చెప్పుమని మిలిటరీ దొరలు రోజు అడుగుతనే ఉన్నరు."

మూట తీసుకుపొమ్మని చేత్తో చూపింది.

*

అంజిలయ్య ఇంటి వెనక జనపనారతో తాడు పేనుతున్నాడు. సుసన్న మూటను అతని ముందు దించింది.

"నీలం నూలు ఎక్కడిది?"

"పట్నంల కొన్న అని చెప్పిన గద."

"దొరసాని వేరే చెప్పింది."

తాడు పేనే చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి. నాలుగు మెలికలు పడ్డాక అన్నాడు: "పటేలు బండి కట్టుమన్నడు, కట్టిన. మూటలు ఎత్తుమన్నడు, ఎత్తిన. ఎత్తకపోతే నన్ను సంఘం మనిషని రాయిస్తడు. సంఘపోళ్ళే ఉంటే ఆ పని కానియ్యకపోదురు. వాళ్ళంత రాచకొండ గుట్టలు పట్టిన్రు." ఆగాడు. "హుసేన్‌బీ వాళ్ళ కొట్టంల గడ్డిల దాక్కున్నది. నేను చూసిన. పటేలు చూడలే. పొద్దుగూకినంక బండ్ల పండవెట్టి, మీద గడ్డి కప్పి, బొంగులూరు తోల్కపోయిన. గొల్ల ఎంకమ్మ ఇంట్ల దించిన. ఆడనే ఉన్నది."

సుసన్న కూలబడింది. "బతికున్నదా? ఇన్ని దినాలు నాకు ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఉరుకుతవ్. ఉరికితే తెలిసిపోతది."

ఆమెకు ఒక్కసారి అతని చేతులు పట్టుకుని మొహానికి ఆనించుకోవాలనిపించింది. ఆ చేతులవైపే చూస్తూ అడిగింది: "మరి నూలు?"

"అదే దినం తీసిన. అందరు తీస్తున్నరు. నీకు నీలమంటే పానం గద."

"ఎక్కడ పెట్టుకున్నవ్?"

"తలగుడ్డల."

"ఆమె గడ్డి కింద పండుకున్నప్పుడు నూలు నీ నెత్తిమీద ఉండెనా?"

"అవ్," అన్నాడు అంజిలయ్య.

సుసన్న లోపలికి పోయి ఉయ్యాల బొంతను ఒళ్ళో వేసుకుంది. ముడి తెంచి నూలు లాగింది. వంకీ వెంట వంకీ ఊడివచ్చింది. మూడు వారాలనుంచి ఆ నూలును నోట్లో తడిపి, పండ్లతో కొరికి, సూదిలోకి ఎక్కించింది. నాలుక మీద దాని రుచి ఇంకా ఉన్నట్టనిపించి బయటికి వచ్చి ఉమ్మింది. ఎంత ఉమ్మినా పోలేదు. తెల్లబట్టమీద సూది పొడిచిన చిల్లులు వరసగా మిగిలాయి.

*

మర్నాడు మూటమీద పచ్చిగడ్డి మోపు కట్టుకుని బొంగులూరు నడిచింది. ఎంకమ్మ గొర్లు కాచుకునే ముసలి విధవ. ఊరవతల ఒంటి గుడిసె. గుడిసె గోడకు ఒకామె పేడ అలుకుతోంది. గోచీ చీర, నొసట పెద్ద బొట్టు. మోచేతుల దాకా పేడ. సుసన్న పేరు పెట్టి పిలవలేదు. ఆమే తిరిగి చూసింది.

"లోపటికి పోండ్రి," అని, ఎంకమ్మ తాను బయట కాపలా కూర్చుంది. "చేతులు కడుగకు బీబీ," అని వెనకనుంచి హెచ్చరించింది. "బూడిదతోని ఎంత తోమినా గోళ్ళల్ల నీలం పోతలేదు. అందుకే పొద్దంత పేడల ఉండుమన్న," అని సుసన్నకు చెప్పింది.

హుసేన్‌బీ బాగా చిక్కిపోయింది. ఏడవలేదు, కావలించుకోలేదు. ఇమాం సాబు మాట ఎత్తబోయిన సుసన్నను తలూపి ఆపింది. మూట విప్పి ముందు పెడితే చాలాసేపు ముట్టకుండా చూసింది. తర్వాత గోధుమరంగు ఓణీని కొసవేలితో పైకెత్తి, పొయ్యిలోకి వేసింది.

"అక్కా, అది నీదే గద."

"ఎవలెవలు పట్టుకున్నరో. నా ఒంటిమీదికి ఎట్ల రానిస్త?"

ఓణీ పొగ చిమ్మి అంటుకుంది. సుసన్న అప్పుడే నూలు సంగతి, మరియ మనుమరాలి బొంత సంగతి చెప్పింది. తలగుడ్డ సంగతి కూడా దాచలేదు. బండిలో తనను పండబెట్టిన మనిషే ఆ పని చేశాడని విని హుసేన్‌బీ మొహం ముడుచుకుపోయింది, కుళ్ళిన కాయ కొరికినట్టు. కాసేపటికి అడిగింది: "నీలందా?"

"అవ్."

"రంగు గంగాళంల రెండు ముంపులే పడ్డయి దానికి. నీళ్ళల్ల జాడియ్యను గూడ జాడియ్యలే. ఉతికితే దిగుతది. పోరి ఒంటికంటుతది. దాంతోని కుట్టకు."

"విప్పేసిన."

"మంచిగ చేసినవ్." ఆ గొంతులో క్షమ లేదు. కోపమూ లేదు. పని చెడిపోకుండా ఆగినందుకు వచ్చిన మాట అది.

సుసన్న తక్కిన బట్టల్ని ఆమె వైపు జరిపింది. "ఇవన్న పెట్టుకో అక్కా. నీ ఇంటియి."

"నావి ఎక్కడియి?" హుసేన్‌బీ ఆశ్చర్యంగా చూసింది. "రంగ్రేజు ఇంట్ల ఉండేటియి అన్నీ పరాయి బట్టలే గద. బతుకమ్మకు కట్టుకుంటమని అద్దకానికి ఇచ్చి పోయిన్రు." చిలకపచ్చ చీర కొంగు మూల దారంతో వేసిన ముడిని పేడచేత్తోనే తడిమింది. "ఇది కోమటి రేణుకమ్మది. ఈ పసుపుది కుమ్మరి బుగ్గమ్మది, బిడ్డకు కావాల్నని తొందరపెట్టింది." వంగపండు రంగు చీర దగ్గర వేళ్ళు ఆగాయి. ముడి రెండుసార్లు చూసింది. "ఇది పటేలు పెండ్లాంది."

సుసన్న నమ్మలేక ముడివైపు చూసింది. హుసేన్‌బీ ఇంటిమీద పడి తెచ్చిన మూటలో తన చీరే ఉన్నదని రుక్మాబాయి పోల్చుకోలేదు. ఇచ్చినప్పుడు తెల్లది మరి.

"ఎవలివి వాళ్ళకు ఇచ్చి రా, సుసన్నా. హుసేన్‌బీ అద్దింది, పని అయిపోయింది అని చెప్పు. ఇంకేం అనకు."

"నీ సంగతి తెలిసిపోతది గద."

"ఇంకెన్ని దినాలు పేడల ఉండాలె?" అంది హుసేన్‌బీ. వంగపండు చీరను వెలుతురులోకి ఎత్తి చూసి, పెదవి విరిచింది. "దీనికి ఇంకో నీలం ముంపు కావాలె. గంగాళం ఆమె కాడనే ఉన్నదంటివి. ముంచుకొమ్మను."

*

ఆ సాయంత్రమే సుసన్న బట్టలు పంచింది. కోమట్ల వాడలో రేణుకమ్మ గడపలో నిలబడి చీరను విప్పి చూసింది. "నేను చెప్పిన పచ్చనే," అని పైకే అంది. తర్వాత ఎవరు పంపారో విని చీరను కడుపుకు అదుముకుని తలుపు వేసుకుంది. కుమ్మరి బుగ్గమ్మ ముందుకు రాలేదు. ఆమె తొడుక్కున్న కొత్త రవికె గుడ్డ ఎక్కడిదో సుసన్నకు కనబడింది. కనబడిందని బుగ్గమ్మకూ తెలిసి, కొంగు నిండా కప్పుకుంది. పసుపు చీరను గడపమీద పెట్టి సుసన్న చెప్పమన్నది చెప్పి వచ్చింది. ఒకామె చీరమీద నీళ్ళు చల్లి తీసుకుంది. ఇంకొకామె, "ఆమెకు మేమేం అన్యాలం చేయలే, చెప్పు," అని వీధి చివరిదాకా వెంట వచ్చి చెప్పింది. ఒక్కొక్క గడప దగ్గరా సుసన్నకు వాళ్ళ మొహాలు చూడాలంటే రోతగా ఉంది. ఆ రోత వెనకే తన తెల్లబొంతమీద మిగిలిన చిల్లులు గుర్తొచ్చి తలదించుకుంటోంది.

పటేలు ఇంటికి చివర పోయింది. తొట్టి దగ్గర ఆగి, వంగపండు రంగు చీరను మడతలతో అరుగు అంచున పెట్టింది.

"కుట్టలేదా?" అంది రుక్మాబాయి.

"కుట్టేటియి కావు. అద్దకానికి ఇచ్చిన చీరలు, ఎవలివి వాళ్ళకు ఇచ్చిన. ఇది మీది దొరసానీ. కొంగుకు మీ ముడి ఉన్నది. హుసేన్‌బీ పంపింది."

రుక్మాబాయి ముడి చూసింది. చీర మీద చేయి వేసింది. రంగు ఎట్లా పట్టిందో చూడ్డానికి ఆ చేయి ఒక మడత విప్పింది. ఆమె ఆపుకోలేకపోయింది. "బాగనే కుదిరింది," అని నోటినుంచి వచ్చేసింది.

"ఇంకో నీలం ముంపు తక్కువున్నదట. గంగాళం మీ కాడనే ఉన్నది గద, మీరే ముంచుకోవాల్నంట."

పోశమ్మ నీళ్ళ చెంబుతో వచ్చి నిలబడింది, చీరమీద చల్లమంటారేమోనని. రుక్మాబాయి చల్లమనలేదు, వద్దనలేదు. చీరను లోపలికి తీసుకుపోవాలో, అక్కడే వదలాలో తెలియని మనిషిలా పట్టుకుని ఉండిపోయింది. ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది. సుసన్న వెనుదిరిగింది.

ఆ రాత్రి ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. మిలిటరీ జీపు చప్పుడు వినబడ్డప్పుడల్లా అంజిలయ్య గోడకు ఆనుకుని నిలబడేవాడు. మూడో పొద్దున సుసన్న తలుపు తీసేసరికి గుమ్మం ముందు ఒక కుప్ప ఉంది. ఇత్తడి చెంబులు, సొట్ట లాంతరు, రెండు కోళ్ళు విరిగిన కుర్చీ, ఒక అద్దం, గోనెలో చుట్టిన అద్దకపు అచ్చులు. అచ్చుల గీతల్లో సున్నం ఇంకా అంటుకునే ఉంది. గంగాళం మాత్రం లేదు. ఎవరు పెట్టిపోయారో చూసినవాళ్ళు లేరు. చేతికి ఇచ్చే మొహం లేక, పెంటకుప్పమీద చెత్త పారబోసినట్టు మాలవాడలో పారబోసి పోయారు.

"మన గుమ్మమే దొరికింది," అంది సుసన్న. కాలితో ఒక చెంబును పక్కకు నెట్టింది. తర్వాత లోపలినుంచి పాత దుప్పటి తెచ్చి పరిచింది. అంజిలయ్య ఒక్కొక్కటి ఎత్తి అందులో పెట్టాడు. అచ్చులకు సున్నం కడిగి, గుడ్డతో తుడిచి, వాటిని కూడా పెట్టాడు. బరువంతా రెండు మూటలైంది. పెద్దది అతనే నెత్తికెత్తుకున్నాడు.

వాడ దాటగానే అతను చెరువు వెనక దారి పట్టాడు.

"గటు ఎందుకు?" అంది సుసన్న.

"బజార్ల చావడి కాడ పటేలు కూసుంటడు."

"కూసోనీ."

ఆమె బజారు దారి పట్టింది. కొంచెం ఎడంతో అతనూ తిరిగాడు. దుకాణాలు అప్పుడే తీస్తున్నారు. మూటలో చెంబులు ఒకదానికొకటి తగిలి మోగుతుంటే, ఊడుస్తున్నవాళ్ళు చీపుర్లు పట్టుకునే ఆగిపోయారు. కొందరు తమ వస్తువును చప్పుడుతోనే పోల్చుకున్నట్టు లోపలికి తిరిగారు.

చావడి మెట్లమీద పటేలు తెల్లటోపీతో కూర్చుని పండ్లు తోముకుంటున్నాడు. పుల్ల నోట్లోనే ఉంచి చూశాడు. ఆ మెట్ల ముందునుంచి నడుము వంచి, "నీ బాంచెను దొరా," అని చేతులు జోడించకుండా అంజిలయ్య పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ పోలేదు. కాళ్ళు తమంతట తామే నెమ్మదించాయి. నడుము వంగబోయింది.

వంగితే మూట జారుతుంది. రెండు చేతులూ మూటను పట్టుకుని ఉన్నాయి.

అతను వంగలేదు. మెడ నిలిపి, బరువు సర్దుకుని, సుసన్న వెనకే బొంగులూరు దారిలోకి నడిచాడు.